క్యామ్‌కార్డర్ క్యాసెట్లు మామూలు డీవీడీ ప్లేయర్‌లో ఆడాలంటే ఏం చేయాలి?

#1 నీలిమేఘం

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక సంచీ నిండా పాత క్యాసెట్లున్నాయి. ఎక్కువ భాగం మినీ డీవీ, కొన్ని హై8. పెళ్లిళ్లు, పిల్లల పుట్టినరోజులు, అన్నిటికంటే ముఖ్యంగా తాతయ్య మాట్లాడుతున్న వీడియోలు వాటిలో ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. అమ్మ ఫోన్‌లో వీడియోలు చూడదు, కంప్యూటర్ ముట్టుకోదు. టీవీ కింద ఉన్న డీవీడీ ప్లేయర్, దాని రిమోట్ మాత్రం బాగా అలవాటు. అందుకే డిస్కులే కావాలి.

ఒక క్యాసెట్‌ను బయట ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఎంపీ4 ఫైలు ఇచ్చారు. దాన్ని ఖాళీ డీవీడీ మీద రైట్ చేసి ప్లేయర్‌లో పెడితే కాసేపు తిరిగి ‘డిస్క్ ఎర్రర్’ అంటోంది. కంప్యూటర్‌లో అదే డిస్కు చక్కగా ఆడుతోంది. లోపం ప్లేయర్‌లో ఉందా, డిస్కులో ఉందా, ఫైలులో ఉందా? మిగతా క్యాసెట్లు కూడా ఇచ్చేసే ముందే తెలుసుకుందామని అడుగుతున్నాను.

#2 టేప్‌చుట్ట

మూడింటిలోనూ లోపం లేదండీ. మీరు రైట్ చేసింది డేటా డిస్కు. ప్లేయర్‌కు కావాల్సింది డీవీడీ-వీడియో డిస్కు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, లోపల అమరిక మాత్రం పూర్తిగా వేరు.

డీవీడీ ప్లేయర్లు మార్కెట్లోకి వచ్చింది 1996లో. మీ ఎంపీ4 ఫైలులో వీడియో దాదాపుగా హెచ్.264 అయి ఉంటుంది, ఆ ప్రమాణం 2003లో వచ్చింది. ప్లేయర్‌లోని చిప్ ఎంపెగ్-2 అనే పాత వీడియో పద్ధతిని చదవడానికి తయారైంది, కొత్తది నేర్చుకోలేదు. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో అయితే ఫ్రేము 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ అయితే 720×480, సెకనుకు 29.97. ఆడియో 48 కిలోహెర్ట్జ్ ఉండాలి, డాల్బీ ఏసీ-3 అయితే ఏ ప్లేయర్‌లోనైనా ఇబ్బంది ఉండదు. ఇవన్నీ వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్లుగా ఉండాలి. ఐఎఫ్ఓ ఫైళ్లు చూసే ఎక్కడ మొదలుపెట్టాలో ప్లేయర్ తెలుసుకుంటుంది. ఉత్త ఫైలు పేరు మార్చి వీఓబీ అని పెడితే పని జరగదు.

#3 సాగరిక

ఇంత కష్టం ఎందుకండీ? పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకే గుచ్చేయొచ్చు కదా. రిమోట్ వాడటం అమ్మగారికి రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

#4 నీలిమేఘం

టీవీ పాతది, యూఎస్‌బీ పోర్టు లేదు సాగరిక గారూ. ఉన్నా సరే, డిస్కు పెట్టి ప్లే నొక్కడం అమ్మ ఎవరి సాయం లేకుండా చేసుకునే పని. నేను ఇంట్లో లేనప్పుడు కూడా తాతయ్యను చూడాలనిపిస్తే చూసుకోవాలి. ఆ వెసులుబాటు పోకూడదని నా పట్టుదల.

#5 టేప్‌చుట్ట

అర్థమైంది. ఒక్క విషయం చూడండి: ప్లేయర్ ముందు భాగంలో డివ్‌ఎక్స్ గుర్తు ఉందా? ఉంటే డివ్‌ఎక్స్ లేదా ఎక్స్‌విడ్‌లో చేసిన ఏవీఐ ఫైళ్లు డేటా డిస్కు మీద పెట్టినా ఆడతాయి. కానీ రేపు ప్లేయర్ పాడై ఇంకోటి కొంటే అందులో ఆడతాయన్న గ్యారంటీ లేదు. డీవీడీ-వీడియోగా చేస్తే ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది. గుర్తు ఉన్నా లేకపోయినా నా ఓటు దానికే.

#6 మూడోకన్ను

డిస్కు సంగతి తర్వాత మాట్లాడుకుందాం. నీలిమేఘం గారూ, దయచేసి మిగతా క్యాసెట్లు ఇచ్చేయకండి. ముందు ఒక ప్రశ్న. మీ దగ్గర మినీ డీవీ ఆడే కెమెరా పనిచేస్తోందా?

ఎందుకంటే మినీ డీవీలో ఉన్నది అప్పటికే డిజిటల్ సమాచారం. దాన్ని ‘రికార్డు’ చేయనక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకోవచ్చు. ఫైర్‌వైర్ కేబుల్ పెట్టి దించుకుంటే టేపు మీద ఉన్న ప్రతి బిట్టూ కంప్యూటర్‌లోకి వస్తుంది. ఫైర్‌వైర్‌నే ఐఈఈఈ 1394 అని, కొన్ని కెమెరాల మీద ఐ.లింక్ అని రాస్తారు. వీడియో సెకనుకు 25 మెగాబిట్లు, గంట క్యాసెట్‌కు సుమారు 13 జీబీ. మీకు గంటకు ఒకటో రెండో జీబీ ఎంపీ4 ఇచ్చారంటే, అసలులో చాలా భాగం అప్పుడే పోయింది. ఆ ఎంపీ4ను మళ్లీ ఎంపెగ్-2గా మారిస్తే రెండోసారి నలుగుతుంది. తాతయ్య గారి మొహం మీద చిన్న చిన్న చదరాలు కనబడటం మొదలయ్యేది అక్కడే.

బయట చేయించినా సరే, ‘డీవీ ఏవీఐ కావాలి, హార్డ్‌డిస్క్ నేనే తెస్తాను’ అని చెప్పండి. టేపులో ఉన్నది ఉన్నట్టు దాచే ఫైలు అదే. కుదరదంటే వేరే చోటు చూసుకోండి.

#7 నీలిమేఘం

కెమెరా ఉంది, ఆన్ అవుతోంది. పక్కనే రెండు పోర్టులున్నాయి. ఒకటి యూఎస్‌బీ, ఇంకోటి చిన్నది, దాని మీద డీవీ అని ఉంది. యూఎస్‌బీ పెట్టి చూస్తే మెమరీ కార్డులోని ఫొటోలు మాత్రమే కనబడుతున్నాయి.

#8 మూడోకన్ను

ఆ డీవీ అని ఉన్నదే కావాలి. మినీ డీవీ కెమెరాల్లో చాలావాటికి యూఎస్‌బీ ఫొటోల కోసమే. వీడియో పంపినా వెబ్‌క్యామ్ నాణ్యతే ఉంటుంది.

కెమెరా వైపు 4 పిన్నుల చిన్న ఫైర్‌వైర్, పాత డెస్క్‌టాప్ కార్డుల వైపు ఎక్కువగా 6 పిన్నులది ఉంటుంది. 4-6 కేబుల్ అని అడగండి. జాగ్రత్త: ఒక చివర ఫైర్‌వైర్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్న ఉత్త కేబుళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు. వాటితో వీడియో రాదు. ఆ రెండూ మాట్లాడుకునే పద్ధతే వేరు, కేబుల్ చివర మార్చినంత మాత్రాన కలవవు. ఫైర్‌వైర్ కార్డు ఉన్న పాత డెస్క్‌టాప్ ఎవరి దగ్గరైనా దొరికితే అదే సుఖం.

విండోస్‌లో అయితే విన్‌డీవీ అనే చిన్న ప్రోగ్రామ్, లినక్స్‌లో డీవీగ్రాబ్. విన్‌డీవీలో ‘డ్రాప్డ్’ అని ఒక అంకె కనబడుతూ ఉంటుంది. అది చివరిదాకా సున్నా ఉండాలి. పెరుగుతుంటే ఆపేసి, వేరే ప్రోగ్రాములన్నీ మూసేసి మళ్లీ మొదలుపెట్టండి. హార్డ్‌డిస్క్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దగ్గర ఫైలు ఆగిపోతుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోకి మార్చుకోండి.

#9 కిటికీపక్కన

మూడోకన్ను గారు చెప్పినదానికి ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. క్యాసెట్ వెనక చిన్న జరిపే బుడిపె ఉంటుంది, దాన్ని ‘సేవ్’ వైపు జరపండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా టేపు చెరగదు. అన్ని క్యాసెట్లకూ ఈ పని ముందే చేసేయండి, ఒక్కొక్కటి పెట్టేటప్పుడు చేద్దాంలే అనుకోవద్దు.

ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చి, ఆ తర్వాత ప్లే చేయండి. చుట్టల మధ్య అతుక్కున్న చోట్లు విడిపోతాయి. టేపు అంచు మీద తెల్లగా బూజు కనబడితే మాత్రం కెమెరాలో పెట్టనే వద్దు. ఆ బూజు టేపును చదివే హెడ్ మీదికి, అక్కడి నుంచి మిగతా క్యాసెట్లకు పాకుతుంది. అవి పక్కన పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి.

బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ పెట్టి నడపండి. చిత్రంలో చదరాలు, చారలు వస్తే ముందు డ్రై క్లీనింగ్ క్యాసెట్‌ను, దాని మీద రాసినంత సేపే వాడండి. ఎక్కువ సేపు నడిపితే హెడ్ అరుగుతుంది. ఎల్‌పీ మోడ్‌లో (ఎక్కువ సేపు పట్టేలా టేపును నెమ్మదిగా నడిపే పద్ధతి) తీసిన క్యాసెట్లు ఏ కెమెరాతో తీశారో అందులోనే బాగా ఆడతాయి, వేరే కెమెరాలో మొరాయించవచ్చు.

#10 నీలిమేఘం

బుడిపె సంగతి అస్సలు తెలియదు! అన్నీ జరిపేశాను. మరి హై8 క్యాసెట్ల మాటేమిటి? అవి పెట్టే కెమెరా మా బాబాయి దగ్గర ఉంది.

#11 కిటికీపక్కన

హై8 అనలాగ్ కాబట్టి ఉన్నది ఉన్నట్టు దించుకోవడం ఉండదు, ఆడుతుంటే పట్టుకోవాలి. అన్నిటికన్నా మంచి దారి డిజిటల్8 కెమెరా. వాటిలో కొన్ని మోడళ్లు పాత హై8 క్యాసెట్లను కూడా ఆడి, ఫైర్‌వైర్ గుండా డీవీగా పంపిస్తాయి. బాబాయి గారిది ఏ రకమో ఒకసారి చూడండి, అదృష్టం ఉండొచ్చు.

లేకపోతే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం వాడాలి. ఎస్-వీడియో సాకెట్ ఉంటే పసుపు పిన్ను వదిలేసి అదే వాడండి. పసుపు పిన్నులో వెలుగు, రంగు ఒకే తీగలో కలిసి వస్తాయి, అందుకే ఎర్ర చీర అంచులు పాకినట్టు, గళ్ల చొక్కా మీద రంగులు మెరిసినట్టు కనిపిస్తుంది. ఎస్-వీడియోలో రెండూ వేరుగా వస్తాయి. అది శబ్దం మోయదు కాబట్టి తెలుపు, ఎరుపు పిన్నులు ఎలాగూ పెట్టాలి.

కెమెరా మెనూలో టీబీసీ అని ఉంటే ఆన్ చేయండి. పాత టేపులో గీతలు వంకరపోకుండా నిలబెడుతుంది. అది లేకుండా పట్టుకుంటే ఫ్రేములు జారిపోయి, అరగంట గడిచేసరికి పెదాలు ఒకచోట, మాట ఒకచోట అయ్యే ప్రమాదం ఎక్కువ.

#12 రంగులరాట్నం

ఫైలు దింపాక కంప్యూటర్‌లో చూస్తే, ఎవరైనా కదిలినప్పుడల్లా దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనబడతాయి. డిస్కు చేసే ముందు డీఇంటర్‌లేస్ చేయండి, అంటే ఆ గీతలు పోయేలా నిండు ఫ్రేములుగా మార్చండి, శుభ్రంగా ఉంటుంది.

#13 మూడోకన్ను

ఇక్కడ మాత్రం ఒప్పుకోను రంగులరాట్నం గారూ. ఆ గీతలు లోపం కాదు. క్యామ్‌కార్డర్ సెకనుకు 25 నిండు ఫ్రేములు తీయదు, 50 సగాలు తీస్తుంది. ముందు ఒక వరస గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత రెండో వరస. కంప్యూటర్ రెండిటినీ కలిపి ఒకేసారి చూపిస్తుంది కాబట్టి పళ్లు కనబడతాయి. డీవీడీ ప్లేయర్, టీవీ ఆ సగాలను వరసగా చూపించడానికే తయారయ్యాయి. సగాలు తీసేసి 25 చేస్తే కదలికలో ఉన్న నునుపంతా పోతుంది. పిల్లలు పరుగెత్తుతుంటే తడబడుతున్నట్టు ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఫీల్డ్ ఆర్డర్. డీవీలో కింది వరస ముందు వస్తుంది. వీడియోను ఎంపెగ్-2గా మార్చే ఎన్‌కోడర్‌కు పై వరస ముందు అని చెప్పారనుకోండి, కాలం ముందుకీ వెనక్కీ తొక్కుకుంటుంది. ఊయల ఊగుతున్న పాపను చూడండి: ముందుకు వెళ్లాల్సిన ఊయల ప్రతి ఫ్రేములోనూ కాస్త వెనక్కి లాగినట్టు వణుకుతుంది. నిలకడగా ఉన్న గోడ మాత్రం చక్కగా ఉంటుంది. కదిలేది మాత్రమే వణుకుతోందంటే ఆర్డర్ తిరగబడిందని అర్థం. కంప్యూటర్‌లో ఇది తెలియకపోవచ్చు, టీవీలోనే చూడాలి.

#14 రంగులరాట్నం

ఫోన్లో, నెట్‌లో పెట్టే కాపీకి డీఇంటర్‌లేస్ అవసరమే కదా?

#15 మూడోకన్ను

అవసరమే. అది వేరే కాపీ. డిస్కుకు వద్దు.

#16 చుక్కానిపట్టు

బిట్‌రేట్ గురించి, అంటే సెకను వీడియోకు ఎన్ని బిట్లు ఇవ్వాలో ఎవరూ చెప్పలేదు. డిస్కు నాణ్యత తేలేది దీనిమీదే కాబట్టి లెక్క చెబుతాను.

మామూలు డిస్కులో 4.7 జీబీ, అంటే 37,600 మెగాబిట్లు. దాన్ని సెకన్లతో భాగించండి. గంటన్నరకు 5,400 సెకన్లు, సెకనుకు దాదాపు 7 మెగాబిట్లు వస్తుంది. ఆడియోకు పావు మెగాబిట్, మెనూకు, ఖాళీకి కాస్త తీసేస్తే వీడియోకు 6.5 పెట్టొచ్చు. రెండు గంటలు కూరితే 5 కన్నా తక్కువే మిగులుతుంది.

సినిమా డీవీడీలు 5లో కూడా బాగుంటాయి కదా అంటారు. సినిమాలో కెమెరా స్టాండు మీద ఉంటుంది, వెలుతురు సరిపడా ఉంటుంది. మనది చేత్తో పట్టుకుని, ట్యూబ్‌లైటు వెలుగులో తీసింది. చెయ్యి కదిలిన ప్రతిసారీ మొత్తం ఫ్రేము మారుతుంది, చీకటి మూలల్లో గింజలు గింజలుగా మసక ఉంటుంది. ఎన్‌కోడర్ పాపం ఆ మసకను కూడా నిజమనుకుని దానికే బిట్లు ఖర్చు పెడుతుంది. అందుకని ఒక డిస్కుకు ఒక క్యాసెట్టే, ఒక గంటే. అప్పుడు 8 మెగాబిట్లు పెట్టుకోవచ్చు. ప్రమాణం ప్రకారం వీడియోకు 9.8 దాకా అనుమతి ఉన్నా, ఇంట్లో రైట్ చేసిన డిస్కు మీద అంత వేగం పెడితే పాత ప్లేయర్లు ఆగి ఆగి ఆడతాయి. 8 దాటొద్దు.

ఆడియోను కుదించకుండా పీసీఎమ్‌లో పెడితే ఒకటిన్నర మెగాబిట్లు అదే తినేస్తుంది. ఏసీ-3లో 192 లేదా 256 కిలోబిట్లు చాలు.

#17 టేప్‌చుట్ట

ఆడియో మాట వచ్చింది కాబట్టి: చాలా మినీ డీవీ కెమెరాలు ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో 12 బిట్, 32 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేస్తాయి. డీవీడీకి 48 కావాలి. మార్చేటప్పుడు 48కి రీశాంపుల్ అయ్యేలా చూడండి. గొంతు కీచుగా, త్వరత్వరగా వినబడుతోందంటే ఆ మార్పు సరిగ్గా జరగలేదన్నమాట.

#18 నీలిమేఘం

ఒక్కో క్యాసెట్‌కు ఒక్కో డిస్కు. నచ్చింది, అమ్మకు కూడా ఏది ఎక్కడుందో వెతుక్కోవడం తేలిక. ఇంతకీ ఈ వీడియో_టీఎస్ ఫోల్డర్ తయారుచేసేది ఏ ప్రోగ్రామ్? ఫ్రెండ్ హ్యాండ్‌బ్రేక్ అన్నాడు.

#19 చుక్కానిపట్టు

హ్యాండ్‌బ్రేక్ దీనికి పనికిరాదు. అది డీవీడీలోంచి ఎంపీ4 తీసేది, మీకు కావాల్సింది దానికి ఎదురు. డీవీడీస్టైలర్ వాడండి, ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. కమాండ్ లైన్ అలవాటుంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో పాల్-డీవీడీ అనే టార్గెట్ ఉంది. సైజు, ఆడియో అన్నీ అదే సర్దుతుంది. బిట్‌రేట్ మాత్రం పైన చెప్పినట్టు మీరు ఇచ్చుకోండి. పాల్ క్యాసెట్‌ను పాల్‌గానే ఉంచండి, ఎన్‌టీఎస్‌సీకి మార్చే పని పెట్టుకోవద్దు.

#20 సాగరిక

మొదట పెన్‌డ్రైవ్ అన్నది నేనే, ఇప్పుడు నాకూ ఆసక్తి పుట్టింది. అమ్మగారి కోసమైతే మెనూ లేకుండా, డిస్కు పెట్టగానే వీడియో మొదలయ్యేలా చేయండి. ప్రతి ఘట్టం దగ్గర చాప్టర్ పెడితే రిమోట్‌లో నెక్స్ట్ నొక్కుకుంటూ పోవచ్చు. మెనూ కావాలంటే అక్షరాలు పెద్దవిగా, అంచులకు దూరంగా ఉంచండి, పాత టీవీలు చుట్టూ కాస్త కోసేస్తాయి. తెలుగు ఒత్తులు ప్రోగ్రామ్‌లో సరిగ్గా పడకపోతే, పేర్లతో సహా మెనూను బొమ్మగా వేరే చోట తయారుచేసి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టేయండి. బటన్లను మాత్రం పైన కనబడకుండా అమర్చుకోవచ్చు.

#21 టేప్‌చుట్ట

రైట్ చేసేటప్పుడు ఇమ్గ్‌బర్న్ లాంటి ప్రోగ్రామ్ వాడండి. వీడియో_టీఎస్ ఫోల్డర్ ఇస్తే అది డీవీడీ-వీడియో అని గుర్తుపట్టి ఫైళ్లను సరైన వరసలో పెడుతుంది. ప్లేయర్ పాతదైతే డీవీడీ-ఆర్ డిస్కులు కొనండి. ప్లస్-ఆర్ డిస్కులే దొరికితే, డ్రైవ్ ఒప్పుకుంటే బుక్ టైప్‌ను (డిస్కు ఏ రకమో ప్లేయర్‌కు చెప్పే గుర్తు) డీవీడీ-రోమ్ అని మార్చి రైట్ చేయండి. అప్పుడు ప్లేయర్ దాన్ని కంపెనీ డిస్కు అనుకుంటుంది. వేగం 4ఎక్స్ లేదా 8ఎక్స్ చాలు. చివర వెరిఫై తప్పనిసరి.

ముందుగా చెరిపి మళ్లీ రాసుకోగల ఒక ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద పరీక్షించుకుంటే డిస్కులు వృథా కావు. అయితే ఆర్‌డబ్ల్యూ వెలుతురును తక్కువగా తిప్పికొడుతుంది, కొన్ని పాత ప్లేయర్లు చదవలేవు. ఆర్‌డబ్ల్యూ ఆడలేదంటే అంతా తప్పని అనుకోకండి, ఒక మామూలు డిస్కు కూడా పెట్టి చూడండి. ఇక డిస్కు మీద కాగితం స్టిక్కర్లు అంటించొద్దు. తిరిగేటప్పుడు బరువు ఒకవైపు లాగుతుంది, ఏళ్లు గడిస్తే జిగురు డిస్కును వంచుతుంది. సీడీ మార్కర్‌తో రాయండి.

#22 నీలిమేఘం

ఆడింది! ఫైర్‌వైర్ కార్డున్న పాత డెస్క్‌టాప్ ఫ్రెండ్ వాళ్లింట్లో దొరికింది. డ్రాప్డ్ సున్నా. డిస్కు ప్లేయర్‌లో పెట్టగానే మొదలైంది, కదలిక నున్నగా ఉంది, వణుకు లేదు.

ఒక్కటే తేడా. ఒక క్యాసెట్‌లో మాత్రం మనుషులంతా సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నారు.

#23 చుక్కానిపట్టు

ఆ క్యాసెట్ కెమెరాలో వైడ్ మోడ్ పెట్టి తీసి ఉంటారు. డీవీలో 4:3 అయినా 16:9 అయినా ఫ్రేము 720×576నే. ఎంత వెడల్పుగా సాగదీయాలో చెప్పే గుర్తు ఒక్కటే తేడా. ఆ గుర్తు దారిలో పోయింది. డీవీడీస్టైలర్‌లో ఆ వీడియోకు యాస్పెక్ట్ 16:9 అని పెట్టి మళ్లీ చేయండి. అప్పుడూ అలాగే ఉంటే ప్లేయర్ సెటప్‌లో టీవీ రకం చూడండి, పాత చదరపు టీవీకి 4:3 లెటర్‌బాక్స్ ఉండాలి.

#24 మూడోకన్ను

శుభవార్త. ఇప్పుడు నా మనవి ఒక్కటే: డిస్కులు అయిపోయాయి కదా అని ఆ 13 జీబీల డీవీ ఫైళ్లు చెరిపేయకండి. డిస్కు మీది రంగుపూత కాలంతో చెడుతుంది. ఎంపెగ్-2గా మారేటప్పుడు కూడా కొంత పోతుంది. డిస్కు పాడైతే అసలు ఫైలు నుంచి ఎన్ని కావాలంటే అన్ని చేసుకోవచ్చు. ఫైలు పోతే డిస్కు నుంచి అసలు తిరిగి రాదు. రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి బాబాయి గారింట్లో ఉంచండి. ఏడాదికోసారైనా తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో చూడండి. క్యాసెట్లు కూడా పారేయొద్దు, నిలువుగా, పొడిగా ఉన్నచోట దాచండి.

#25 పొగమంచు

చర్చ మొత్తం చదివాను. నాది హార్డ్‌డిస్క్ క్యామ్‌కార్డర్, ఎంఓడీ ఫైళ్లు వస్తాయి. మా అన్నయ్య దగ్గరున్నది ఎంటీఎస్ ఇస్తుంది. ఇవి కూడా ఇలాగేనా?

#26 చుక్కానిపట్టు

ఎంఓడీలో ఉన్నది ఎంపెగ్-2, ఏసీ-3 ఆడియోనే. పేరు ఎంపీజీ అని మార్చి డీవీడీస్టైలర్‌లో పెట్టి, వీడియోను ‘కాపీ’ అని ఎంచుకుంటే చాలు. మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే ఉన్న నాణ్యత పాడుచేసుకోవడమే. వైడ్‌లో తీసినవైతే 16:9 గుర్తు సరిచూసుకోండి, వీటిలో అది తప్పిపోతుంటుంది.

ఎంటీఎస్ అంటే ఏవీసీహెచ్‌డీ, 2006లో వచ్చిన హెచ్‌డీ పద్ధతి. హెచ్.264 కాబట్టి డీవీడీకి తప్పకుండా మార్చాలి, సైజు 576కు దిగుతుంది. ఇక్కడ పై వరస ముందు వస్తుంది, డీవీకి ఎదురు. పైన ఊయల గురించి చెప్పింది గుర్తుంచుకోండి. ఇంట్లో బ్లూ-రే ప్లేయర్ ఉంటే ఏవీసీహెచ్‌డీని మామూలు డీవీడీ డిస్కు మీదే హెచ్‌డీగా పెట్టొచ్చు, వాటిలో చాలావరకు ఆడతాయి. డీవీడీ ప్లేయర్‌లో మాత్రం ఆడదు.

#27 పొగమంచు

థాంక్సండీ. ఇంకొకటి: చిన్న డిస్కుల మీద రికార్డు చేసే కెమెరాతో తీసినవి కూడా కొన్ని ఉన్నాయి. ప్లేయర్‌లో పెడితే ‘నో డిస్క్’. కంప్యూటర్‌లో ఖాళీ డిస్కు అంటోంది. పోయినట్టేనా?

#28 కిటికీపక్కన

పోలేదు, కంగారు పడకండి. ఆ 8 సెంటీమీటర్ల డిస్కుకు ఫైనలైజ్ చేయలేదు. రికార్డు అయ్యాక చివర్లో విషయసూచిక రాస్తేనే వేరే ప్లేయర్లు చదవగలవు. కెమెరా పనిచేస్తుంటే అందులోనే పెట్టి, అడాప్టర్ తగిలించి, మెనూలో ఫైనలైజ్ నొక్కండి. మధ్యలో కదపొద్దు. కెమెరా పాడైపోతే ఐసోబస్టర్ లాంటి ప్రోగ్రామ్ ఆ సూచిక లేకుండానే లోపలి వీడియో వెతికి తీస్తుంది. కంప్యూటర్ ‘ఖాళీ డిస్కు, ఫార్మాట్ చేయనా’ అని అడిగితే మాత్రం వద్దనే నొక్కండి.

సన్నటి చీలికలో డిస్కు లాక్కునే డ్రైవుల్లో ఈ చిన్నవి పెట్టకండి, ఇరుక్కుపోతాయి. ట్రే బయటికి వచ్చే డ్రైవ్ వాడండి. ఒక్కోదానిలో పట్టేది 1.4 జీబీ, కాబట్టి ఫైళ్లు కంప్యూటర్‌లోకి తీశాక మూడు చిన్న డిస్కులవి ఎన్‌కోడ్ చేయకుండానే ఒక పెద్ద డిస్కులో సరిపోతాయి. ముందు ఏ కెమెరాతో తీశారో, వీడియో మోడా, కెమెరాలోనే ఎడిట్ చేసుకోగల వీఆర్ మోడా చెప్పండి. వీఆర్ అయితే చాలా ప్లేయర్లు చదవవు, అప్పుడు ఎలాగూ కొత్త డిస్కు చేయాల్సిందే.